సోయా లెసితిన్ – జీర్ణకోశము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు వచ్చువారిలో పత్రికను మొదటి పుటనుండి చివరి పుటవరకు విడువక చదువువారు పెక్కుమంది గలరు. కాని ప్రతి గృహమునను దినదినము చేతబట్టుకొను ఒక చిన్న అచ్చుకాగితమును చదువువారు మాత్రము మిక్కిలి అరుదు. అది బిస్కట్టు పొట్లము వెనుకవైపున చీమతలకాయలంతటి అక్షరములతో వేయబడు పదార్థముల పట్టిక. అందు మైదా, పంచదార, పామాయిలు అను పేర్లు ఎల్లరకును తెలిసినవే. వాని తరువాత ‘ఎమల్సిఫైయర్ 322’ అనియో, ‘సోయా లెసితిన్’ అనియో ఒక మాట యుండును. చదువువాడు అచ్చట ఆగిపోవును.

ఈ పదార్థమును గురించి నేడు రెండు విధములైన వదంతులు వ్యాపించియున్నవి. ఇది పెట్రోలువంటి ద్రవముతో కడిగి తీసిన రసాయనమనియు, పిల్లల ప్రేగులను పాడుచేయుననియు కొందరు చెప్పుదురు. ఈ పదార్థమునే గొట్టపు మాత్రలలో నింపి, కాలేయమునకు బలమనియు, జ్ఞాపకశక్తికి దివ్యౌషధమనియు మందుల దుకాణములలో విక్రయించువారు మరికొందరు. ఒకే వస్తువు ఒక వీధిలో విషముగను, ప్రక్కవీధిలో అమృతముగను చెలామణి యగుచున్నది. ఇది కేవలము కాలక్షేపపు తర్కము కాదు. తల్లిపాలు చాలని శిశువునకు వైద్యుడు వ్రాసియిచ్చిన పాలపొడి డబ్బాపైనను ఈ మాట యుండును. దానిని చూచి బెదరి డబ్బాను ప్రక్కన పెట్టిన తల్లియు, కామెర్లు వచ్చిన పెద్దవానికి వైద్యుని చూపింపక ఈ మాత్రలతో కాలము గడపిన కుటుంబమును, ఉభయులును నష్టపడుదురు. కనుక విషయమును మొదటినుండి విచారించుట యుక్తము.

లెసితిన్ అను పేరు సోయా చిక్కుడునుండి పుట్టినది కాదు, కోడిగుడ్డునుండి పుట్టినది. ఫ్రాన్సు దేశమున థియోడోర్ నికొలాస్ గోబ్లే అను ఔషధ రసాయనికుడు 1840వ దశకము నడుమ గుడ్డు పచ్చసొనను శోధించి, అందు భాస్వరముతో గూడిన ఒక క్రొవ్వు పదార్థము కలదని కనుగొనెను. 1850లో దానికి లెసితిన్ అని నామకరణము గావించెను. గ్రీకు భాషలో ‘లెకితోస్’ అనగా పచ్చసొన. అదే పదార్థము మెదడులోను, రక్తములోను, పైత్యరసములోను కలదని క్రమముగా తేలినది. నేడు శాస్త్రజ్ఞులెరిగినంతవరకు వృక్షములయందును జంతువులయందును ప్రతి జీవకణము యొక్క పైపొర ఈ జాతి పదార్థములతోనే నేయబడియున్నది. వేరుసెనగ గింజలోను, నువ్వుగింజలోను, బియ్యపు తవుడులోను, ఆవుపాలలోను ఇది కలదు. దీనిని తినని మానవుడు భూమిపై లేడు.

దీని స్వభావమును తెలిసికొనుటకు ప్రయోగశాల అవసరము లేదు. నూనెను నీటిలో పోసి ఎంత చిలికినను, చేయి ఆపిన కొంతసేపటికి రెండును విడిపోవును. పాలలో వెన్నయు నీరును గంటలకొలది కలిసియుండుటకు కారణమేమి? వెన్నయందలి ప్రతి చిన్న బిందువు చుట్టును ఒక పలుచని పొర యుండుటయే. ఆ పొరలో లెసితిన్ జాతి పదార్థములు ముఖ్యమైనవి. కవ్వముతో చిలికినపుడు ఆ పొర చిట్లి, బిందువులు ఒకదానితో నొకటి కలిసి వెన్నముద్దయై తేలును. చిట్లిన పొరలో అధికభాగము మజ్జిగలో నిలిచిపోవును. లెసితిన్ అణువునకు ఒక తలయు రెండు తోకలును గలవని చెప్పవచ్చును. భాస్వరముతో గూడిన తల నీటిని కోరును. క్రొవ్వు ఆమ్లములతో గూడిన తోకలు నూనెను కోరును. తగవులాడుకొను రెండు కుటుంబములకు ఉభయ బంధువైనవాడు నడుమ నిలిచినట్లు, నూనెకును నీటికిని మధ్య ఈ అణువు నిలుచును. ఈ పని చేయు పదార్థములనే ఎమల్సిఫైయర్లు అందురు.

ఈ భాస్వరపు ప్రస్తావనతోడనే ఒక తెలుగువాని పేరు తడవక తప్పదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డునందు సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో గూడి, రక్తాదులయందలి భాస్వరమును నీలివర్ణపు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని అది ప్రపంచ ప్రసిద్ధి చెందినది. లెసితిన్ వంటి భాస్వర క్రొవ్వులను కొలుచుటకు తరువాతి శాస్త్రజ్ఞులు ఈ పద్ధతినే సవరించి వాడుకొనిరి. సుబ్బారావు గారి అన్నదమ్ములిరువురు స్ప్రూ అను ప్రేగుల వ్యాధితో మరణించిరి. ప్రేగు ఆహారసారమును, అందును ముఖ్యముగా క్రొవ్వును, లోనికి గ్రహింపజాలకుండుట ఆ వ్యాధి లక్షణము. ఆ వ్యాధికి ఔషధమైన ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు కృషికి తదనంతర కాలమున ఆయనయే నాయకత్వము వహించెను. జీర్ణకోశమును గూర్చిన ఉపన్యాసములో ఆ మహనీయుని స్మరించుట అప్రస్తుతము కాదు.

ఇక సోయా చిక్కుడు సంగతి. గానుగలో ఆడించిన నువ్వులనూనెను గాని వేరుసెనగ నూనెను గాని కడవలో నిలువ యుంచినచో, కొన్ని దినములకు అడుగున జిగటగల మడ్డి దిగునని ఎల్లరకును తెలియును. ఆ మడ్డిలో కొంత భాగము ఈ లెసితిన్ జాతిదే. సోయానూనెలో ఈ జిగురు నూటికి ఒకటినుండి మూడు పాళ్లవరకు ఉండుటచే మడ్డి బెడద అధికము. 1920వ దశకమున జర్మనీలో, ముఖ్యముగా హాంబర్గు పట్టణములోని నూనెమిల్లులలో, ఈ బెడదనే సరకుగా మార్చు ఉపాయము కనుగొనబడినది. వేడిచేసిన పచ్చినూనెలో కొలది నీరు కలిపినచో జిగురు ఆ నీటిని పీల్చుకొని ఉబ్బి నూనెనుండి విడివడును. గిరగిర తిరుగు యంత్రముతో దానిని వేరుచేసి, తేమను ఇగిర్చినచో తేనెవలె చిక్కని, గోధుమవర్ణపు ముద్ద లభించును. వర్తకములో సోయా లెసితిన్ అనబడునది ఇదియే. అది ఒకే శుద్ధపదార్థము కాదు. అనేక భాస్వర క్రొవ్వుల సమ్మేళనము. దానియందు కొంత నూనెయు, కొలదిగా చక్కెరలును కూడ నుండును. రసాయన శాస్త్రజ్ఞులు లెసితిన్ అని ప్రత్యేకముగా పిలుచు ఫాస్ఫటిడిల్ కోలిన్ అనునది ఆ మిశ్రమములో ఒక భాగము మాత్రమే.

పెట్రోలు నింద ఎచ్చటనుండి వచ్చినదన, సోయాగింజలో నూనె తక్కువ గనుక గానుగ ఒత్తిడికి అది పూర్తిగా రాదు. గింజను అటుకులవలె నొక్కి, హెక్సేన్ అను పలుచని ద్రవముతో తడిపి నూనెను కరగదీయుదురు. హెక్సేన్ పెట్రోలియమునుండి వచ్చునదే. అందు దాపరికము లేదు. అది సుమారు 69 డిగ్రీల వేడిమికే ఆవిరియగును. మిల్లులు దానిని ఆవిరిగా తోలి, చల్లార్చి, మరల వాడుకొందురు. నూనెయందు మిగులు లేశమునకు చట్టము మితి విధించినది. ఇచ్చట ఒక్క విషయము విస్మరింపరాదు. తవుడునూనెను, పెక్కు రిఫైన్డు నూనెలను ఇదే రీతిని తీయుదురు. గారెలను అట్టి నూనెలో దేవినపుడు కలుగని భయము బిస్కట్టులోని లెసితిన్ లేశమును చూచి కలుగుట తూకము తప్పిన భయము.

మన దేశమున సోయా చిక్కుడు మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో విస్తారముగా పండుచున్నది. తెలుగునాట ఆదిలాబాదు ప్రాంతపు నల్లరేగడి భూములలో రైతులు దీనిని వానకాలపు పంటగా వేయుదురు. అయినను తెలుగింటి వంటలో దీనికి కందిపప్పునకుగల గౌరవము లభింపలేదు. సోయా ఇంట ప్రవేశించుట నూనెరూపమునను, ఈ 322 రూపమునను, దొడ్డిదారిన జరిగినదే అధికము.

దీనిని ఆహారములలో కలుపుట ఎందులకు? చాక్లెట్టులో నూటికి అరపాలుకు మించకుండ కలిపినచో, కరగిన చాక్లెట్టు పలుచనై అచ్చులలోనికి సులభముగా జారును. ఖరీదైన కోకో వెన్న ఆ మేరకు ఆదా యగును. బిస్కట్టు పిండిలో క్రొవ్వు సమముగా కలియుటకును, రొట్టె మెత్తగా నుండుటకును ఇది తోడ్పడును. వెన్న తీయని పాలపొడిని నీటిలో వేసినచో క్రొవ్వు కారణమున ఉండలు కట్టును; పొడి రేణువులపై ఈ పదార్థపు పలుచని పూత యున్నచో అది వెంటనే కలిసిపోవును. వ్యాపారికి లాభము కలదు గనుకనే వాడుచున్నాడు. అందులో తప్పు లేదు, గొప్పయు లేదు.

పరిమాణములను గమనింపుడు. నూటికి అరపాలు లెక్కన, నూరు గ్రాముల బిస్కట్టులలో అర గ్రాము లెసితిన్ ఉండును. ఒక్క కోడిగుడ్డు పచ్చసొనలో ఇదే జాతి క్రొవ్వు ఒక గ్రామునకు పైగా కలదు. పొట్లమంతయు తిన్న పిల్లవాని కడుపులోనికి 322 రూపమున చేరునది ఒక గుడ్డు ద్వారా చేరుదానికన్న తక్కువ.

ఇంతకన్న ఆశ్చర్యకరమైన సంగతి శరీరములోనే కలదు. లెసితిన్‌ను పుష్కలముగా తయారుచేయు కార్ఖానా ప్రతి మనుష్యుని కడుపులోను కుడివైపున, ప్రక్కటెముకల క్రింద పనిచేయుచున్నది. అది కాలేయము. కాలేయము స్రవించు పైత్యరసములో లవణములును, కొలెస్టరాలును, లెసితిన్‌ను కలిసియుండును. దినమొకటికి సుమారు 10 గ్రాములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, లెసితిన్ ఈ విధముగా చిన్నప్రేగులోనికి దిగుచుండును. చింతపండు పులుసు తప్ప మరేమియు ముట్టని వాని ప్రేగులోనికిని ఇది దిగుచునే యుండును. బిస్కట్టుతో వచ్చిన అర గ్రాము ఈ ప్రవాహములో కలిసి, తానెవరో ఆనవాలు తెలియకుండ పోవును.

పైత్యరసమునకు లెసితిన్ ఎందులకు? అన్నములో వేసికొన్న నెయ్యి జీర్ణాశయమును దాటి చిన్నప్రేగును చేరునప్పటికి పెద్దపెద్ద బిందువులుగా తేలుచుండును. జీర్ణరసములు నీటియందు కరగియుండును; నూనెబిందువు లోపలికి చొరజాలవు. దాని పైతలము మీదనే అవి పనిచేయవలెను. పైత్యలవణములును లెసితిన్‌ను గూడి ఆ పెద్ద బిందువును వేలకొలది చిన్న బిందువులుగా చీల్చును. రోకటిపోటుకు బెల్లపుగడ్డ నలిగినట్లు తలము విస్తరించును. అప్పుడు క్లోమరసములోని ఎంజైములు పనిని త్వరగా ముగింపగలవు. బిస్కట్టు కార్ఖానాలో లెసితిన్ చేయుపనియు, కడుపులో లెసితిన్ చేయుపనియు ఒక్కటియే. కార్ఖానావారు శరీరమునుండి నేర్చుకొనలేదు గాని, నేర్చుకొన్నట్లే యున్నది.

పైత్యములోని లెసితిన్‌కు మరియొక కర్తవ్యము కలదు. కొలెస్టరాలు నీటిలో కరగదు. పైత్యలవణములును లెసితిన్‌ను దానిని నడుమ నిడుకొని మోసుకొనిపోవును. ఈ మూటికిని గల నిష్పత్తి చెడి కొలెస్టరాలు మిక్కుటమైనచో, అది స్ఫటికములుగా విడివడి పిత్తాశయములో రాళ్లుగా పెరుగవచ్చును. ఈ సత్యమును చూపియే, లెసితిన్ మాత్రలు మ్రింగినచో రాళ్లు కరగునని కొందరు ప్రచారము చేయుదురు. నోటితో మ్రింగిన లెసితిన్ నేరుగా పిత్తాశయమును చేరదు, ప్రేగులోనే ముక్కలగును. రాళ్లవలన నొప్పి గలవాడు వైద్యుని చూడవలసినదే.

ముక్కలగుట యెట్లో చూడుడు. క్లోమరసములోని ఫాస్ఫొలైపేజ్ ఎ2 అను ఎంజైము లెసితిన్ యొక్క రెండు తోకలలో ఒకదానిని త్రుంచివేయును. తెగిన తోక క్రొవ్వు ఆమ్లము. మిగిలినది లైసొలెసితిన్. ఈ రెండును ప్రేగుగోడ కణములలోనికి ప్రవేశించును. లోపల లైసొలెసితిన్‌లో కొంతభాగమునకు మరల ఒక తోక అతుకబడును. ఇట్లు తిరిగి కూర్పబడిన లెసితిన్, జీర్ణమైన నేతి బిందువులపై పొరగా అమరి, వానితో గూడి శోషరస నాళములద్వారా రక్తమును చేరును. తిన్న లెసితిన్‌లో నూటికి తొంబదిపాళ్లకు మించి ఈ రీతిగా శరీరగతమగును. మలముతో పోవునది స్వల్పము. అనగా జీర్ణకోశము దీనిని పరాయివస్తువుగా నెంచుటలేదు.

లెసితిన్ తలలోని కోలిన్ అను భాగమునకు ఒక చరిత్ర యున్నది. జర్మను రసాయనికుడు అడోల్ఫ్ స్ట్రెకర్ దానిని పైత్యరసమునుండి వేరుచేసెను; 1862లో దానికి ఆ పేరు పెట్టెను. గ్రీకు భాషలో ‘ఖోలే’ అనగా పైత్యము. అటుపిమ్మట చాలకాలము దానిని పట్టించుకొన్నవారు లేరు. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను నిరువురు ఇన్సులిన్‌ను కనుగొనిరి. క్లోమమును తీసివేసిన కుక్కలను ఇన్సులిన్ సూదిమందుతో బ్రతికించి పరిశీలించుచుండగా ఒక చిక్కు వచ్చిపడెను. చక్కెర అదుపులోనే యున్నను, కొన్ని నెలలకు ఆ కుక్కల కాలేయములు క్రొవ్వుతో నిండి అవి మరణించుచుండెను. ఆహారములో పచ్చి క్లోమమును చేర్చినచో మేలుకలిగెను. తరువాత గుడ్డుపచ్చసొన లెసితిన్ పెట్టి చూచిరి; దానితోను క్రొవ్వు తగ్గెను. ఆ లెసితిన్‌లో పనిచేయుచున్నది కోలిన్ అని 1932లో బెస్టును ఆయన సహచరులును నిరూపించిరి. మనుష్యునకును ఆహారము ద్వారా కోలిన్ అవసరమని అమెరికాలోని వైద్యసంస్థ 1998లో అంగీకరించి, పురుషునకు దినమునకు 550 మిల్లీగ్రాములు, స్త్రీకి 425 మిల్లీగ్రాములు చాలునని అంచనా కట్టెను. గుడ్లు, చేపలు, మాంసము, పాలు, చిక్కుళ్లు, వేరుసెనగ దానికి నెలవులు. ఈ చరిత్రను సగము చదివినవారే లెసితిన్ మాత్రలను కాలేయౌషధముగా అమ్మజూపుదురు. లోటు గలవానికి లోటు తీర్చుట వేరు. లోటులేనివానికి మరింత పోయుట వేరు. మద్యపానముచేతను, ఊబకాయముచేతను, మధుమేహముచేతను వచ్చిన కాలేయపు క్రొవ్వు ఆ కారణములు తొలగక తగ్గదు.

ఇంతవరకు చెప్పినదానిని విని ఇది సంపూర్ణముగా నిరపాయమని నిశ్చింత పడుటయు తొందరపాటే. మితము తప్పినచో ఇదియు క్రొవ్వే. మాత్రలుగాను, పొడిగాను దినమునకు పదుల గ్రాముల చొప్పున మ్రింగినవారిలో వాంతి వచ్చునట్లుండుట, కడుపుబ్బరము, పలుచని విరేచనములు కనిపించుట కలదు. ప్రేగు గ్రహింపజాలని క్రొవ్వు క్రిందికి దిగి మలమును వదులుచేయును. కోలిన్ మిక్కుటమైనచో పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దానిని ట్రైమిథైలమిన్ అను వాయువుగా మార్చును. కుళ్లిన చేపల కంపు ఆ వాయువుదే. కాలేయము సాధారణముగా దానిని వాసనలేని పదార్థముగా మార్చివేయును. పుట్టుకతోనే ఆ శక్తి లోపించినవారు కొందరు గలరు. వారి చెమటయందును ఊపిరియందును ఆ కంపు వెలువడి, పాపము, నలుగురిలో తిరుగజాలక క్రుంగిపోవుదురు. అట్టివారు మాత్రము వైద్యుని సలహాపై కోలిన్ గల ఆహారమును మితపరచుకొనవలెను.

ఆ వాసనలేని పదార్థమునకే టి.ఎం.ఏ.ఓ. అని సంక్షేపనామము. అది రక్తములో అధికముగా నున్నవారికి గుండెజబ్బు అధికముగా కనబడుచున్నదని అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యశాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిరి. నాటినుండి వాదోపవాదములు నడచుచున్నవి. ఆ పదార్థము సముద్రపు చేపలలో స్వయముగనే మెండుగా నున్నది. చేపలు తినువారికి గుండెజబ్బు అధికమన్న నిదర్శనము లేదు. కనుక తీర్పు ఇంకను తేలలేదు. అయినను ఈ వివాదము గుడ్లు, మాంసము, లెసితిన్ మాత్రలు మిక్కిలిగా వాడువారికి సంబంధించినదే గాని, బిస్కట్టులోని అర గ్రాముతో దానికి పని లేదు.

ఎమల్సిఫైయర్లు ప్రేగులను పాడుచేయునన్న మాట ఎచ్చట పుట్టినదో తెలిసికొనుట మిక్కిలి అవసరము. 2015లో అమెరికాలోని జార్జియా రాష్ట్రపు శాస్త్రజ్ఞులు ఎలుకలకు రెండు ఎమల్సిఫైయర్లను నీటిలో కలిపి త్రాగించిరి. ప్రేగు గోడను కాపాడు జిగురుపొర పలుచనై, సూక్ష్మజీవులు గోడకు చేరువగా వచ్చెను, స్వల్పమైన వాపు పుట్టెను, ఎలుకలు బరువెక్కెను. ఆ రెండు పదార్థములు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పాలిసార్బేట్ 80. పొట్లములపై వాని సంఖ్యలు 466, 433. వానిలో 466ను దినమునకు 15 గ్రాముల చొప్పున 11 దినములు కొద్దిమంది ఆరోగ్యవంతులైన మనుష్యులకు పెట్టి చూచిన ఫలితములు 2022లో వెలువడినవి. భోజనానంతరము కడుపులో అసౌకర్యము కొంత హెచ్చినదనియు, ప్రేగులోని సూక్ష్మజీవుల సమతౌల్యము కొంత మారినదనియు వారు వ్రాసిరి. అది మామూలు ఆహారములో చేరుదానికన్న ఎన్నియో రెట్లు అధికమైన మోతాదు అని మరువరాదు. పత్రికలు ఈ వార్తను ‘ఎమల్సిఫైయర్లు హానికరములు’ అని శీర్షిక పెట్టి అచ్చువేసినవి. ఒక ఇంటి కుర్రవాడు అల్లరిచేసినచో వీధిలోని కుర్రవాండ్రనందరను దండించినట్లు, 466 మీది నింద 322కును అంటినది. 2021లో మరియొక బృందము ఇరువది ఎమల్సిఫైయర్లను తీసికొని, మానవుని ప్రేగులలోని సూక్ష్మజీవులపై గాజుపాత్రలలో పరీక్షించెను. పెక్కుపదార్థములు ఏదో యొక మార్పు కలిగించినను, లెసితిన్ వలన చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. గాజుపాత్ర మనుష్యుడు కాదు, నిజమే. అయినను ఒక్కొక్క పదార్థమును ఒక్కొక్కటిగా విచారింపవలెనను న్యాయమును ఈ పరిశోధన నేర్పుచున్నది.

ప్రేగులోని ఆ జిగురుపొరకు లెసితిన్ మిత్రమే కావచ్చునన్న ఆశ కూడ ఒకప్పుడు పొడసూపినది. పెద్దప్రేగులో పుండ్లుపడు వ్యాధిగలవారి జిగురుపొరలో లెసితిన్ లోపించియుండుటను జర్మనీలోని హైడెల్‌బర్గు వైద్యులు గమనించి, అక్కడికే చేరి కరగునట్లు తయారుచేసిన లెసితిన్‌ను రోగులకిచ్చి, కొంత మేలు కలిగినదని 2005లో ప్రకటించిరి. అనంతరము జరిగిన పెద్ద పరీక్షలయందు ఆ ఆశ ఫలింపలేదు. జ్ఞాపకశక్తి విషయమును ఇట్టిదే. మతిమరపు వ్యాధిగల వృద్ధులకు లెసితిన్ ఇచ్చి చేసిన పరీక్షలన్నిటిని ఒకచోట కూర్చి చూచినవారికి దానివలన ప్రయోజనమున్నట్లు నిదర్శనము దొరకలేదు. ఈ మాత్రలకై నెలనెల వెచ్చించు ధనముతో పాలో, పండ్లో, గుడ్లో కొనుట మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ఆహార వ్యవసాయ సంస్థయు గూడి నియమించిన నిపుణుల సంఘము 1973లో లెసితిన్‌కు దినసరి మితిని అంకెలలో నిర్ణయింపనక్కరలేదని తేల్చెను. ఐరోపాలోని ఆహార భద్రతాధికార సంస్థ 2017లో మరల సమస్తమును తిరగవేసి చూచి, ఒక్క సంవత్సరము పైబడిన వారి విషయమున ఆ నిర్ణయమునకే వచ్చినది. చంటిబిడ్డల సంగతిని వేరుగా, 2020లో పరిశీలించిరి; అందును ఆందోళన చెందవలసినదేమియు కానరాలేదు. తల్లిపాల వెన్నబిందువుల చుట్టును ఈ జాతి పదార్థముల పొరయే కలదని తెలిసినవారికి ఇందు వింత తోపదు. పాలపొడి మంచిదా, తల్లిపాలు మంచివా యన్న ప్రశ్న వేరు. దానికి సమాధానము తల్లిపాలే. కాని వైద్యుడు అవసరమని చెప్పిన డబ్బాను 322 అను సంఖ్యను చూచి మానివేయుటకు హేతువు లేదు.

అయితే ఒక్క వర్గమువారికి మాత్రము ఈ చిన్నమాట నిజముగనే ప్రాణావసరము. సోయా పడనివారు వారు. పడకపోవుటకు మూలము సోయాలోని మాంసకృత్తులు. లెసితిన్ క్రొవ్వుజాతిది గనుక అందు మాంసకృత్తులు లేశమాత్రము. సోయా పడనివారిలో పెక్కుమందికి లెసితిన్ వలన బాధ కలుగదు. కాని లేశమునకే దద్దురులెక్కి, పెదవులు వాచి, ఊపిరి సలుపని వారు కొందరుందురు. ఇంట అట్టి బిడ్డ యున్నచో పెక్కుమంది సంగతిని నమ్ముకొని ప్రయోగము చేయరాదు, వైద్యుడు నిర్ణయింపవలెను. మన దేశమున 2020లో వెలువడిన లేబులు నిబంధనల ప్రకారము సోయా, పాలు, గుడ్లు, వేరుసెనగ, గోధుమ మొదలగునవి కలిసిన ఆహారముల పొట్లముపై ఆ సంగతిని ప్రత్యేకముగా వ్రాయవలెను. పట్టిక క్రింద ‘సోయా కలదు’ అను అర్థముగల వాక్యమును ఆంగ్లములోనో హిందీలోనో అచ్చువేయుదురు. ఆ భాషలు రాని తల్లికి చదివి చెప్పగల యువకులు గ్రంథాలయమునకు ప్రతి సాయంకాలము వచ్చుచునే యున్నారు.

శాకాహారులకొక సందేహము కలుగవచ్చును. లెసితిన్ గుడ్డునుండియు రావచ్చును గదా యని. చతురస్రములో ఆకుపచ్చని చుక్కగల పొట్లములో గుడ్డు లెసితిన్ వాడరాదు. అందలి 322 సోయానుండియో, ప్రొద్దుతిరుగుడునుండియో వచ్చినదే.

చివరకు, బిస్కట్టు తిన్నపిమ్మట కడుపు ఉబ్బినదనువారి ఫిర్యాదు మిగిలియున్నది. ఫిర్యాదు అబద్ధము కాదు; ముద్దాయి వేరు. సోయాగింజలనే ఉడికించి తిన్నచో వాయువు పుట్టుట సహజము. అందలి రాఫినోజ్, స్టాకియోజ్ అను చక్కెరలను మనుష్యుని ఎంజైములు విడగొట్టజాలవు. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు వానిని పులియబెట్టును. శనగలు, చిక్కుళ్లు తిన్నను జరుగునది ఇదియే. లెసితిన్ ద్వారా చేరు ఆ చక్కెరలు అత్యల్పము. పొట్లములో పెక్కుపాలు మైదాయు పంచదారయు నిండి, మిగిలినదానిలో అధికభాగము పామాయిలు నిండియుండగా, నిందను అరపాలు లెసితిన్‌పై మోపుట వింతయే. పాలు పడని పెద్దవారికి అందలి పాలపొడి వాయువు పుట్టించును. గోధుమ పడనివారికి మైదా బాధించును. పంచదార లేని బిస్కట్టులని మధుమేహరోగులకు అమ్మువానిలో సార్బిటాల్, మాల్టిటాల్ వంటి తీపులు చేరియున్నచో, అవి ప్రేగులోనికి నీటిని లాగి విరేచనములు కలిగించుట సుప్రసిద్ధము. కడుపు పాడైనవాడు రెండువారములపాటు తిన్నదెల్ల ఒక కాగితముపై వ్రాసికొని, ఏది తిన్ననాడు బాధ కలిగినదో గురుతుంచుకొని, ఆ కాగితమును వైద్యునకు చూపినచో, 322ను గూర్చి ఊరంతయు చేయు చర్చకన్న ఆ వైద్యునకు అది ఎక్కువ సాయపడును. మలములో రక్తము కనబడినను, బరువు తగ్గుచున్నను, రాత్రివేళ నిద్రనుండి లేపునంతటి నొప్పి వచ్చినను, రెండువారములు ఆగక ఆ దినమే వెళ్లవలెను.